ఏడు ఊచల మంచం

జూన్ 12, 2000, సోమవారం

పిల్లవాడికి ఏమీ కాలేదు. ముందు ఈ ముక్క రాసుకుని తర్వాత మిగతాది రాస్తాను.

ఈ డైరీలో ఇంతవరకు ద్వారబంధాల కొలతలు, కిటికీ రెక్కల కొలతలు తప్ప వేరే ఏమీ రాయలేదు. కలప డిపోవాళ్ళు ఏటా ఒకటి ఇస్తారు. ఈరోజు మాత్రం ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉంది, చెప్పుకునే మనిషి లేడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అమ్మాయి రేవతి స్నానానికి వెళ్ళింది. మనవడు గిరీష్ నేను చేసిన ఊచల మంచంలో నిద్రపోతున్నాడు. వాడికి ఎనిమిదో నెల. నేను వీధివైపు షెడ్డులో చిత్రిక పడుతున్నాను. మా ఆవిడ ప్రభావతి చింతపండు కోసమో దేనికోసమో వంటింట్లోంచి గదిలోకి వచ్చి కేక పెట్టింది.

నేను వెళ్ళేసరికి వాడి కాళ్ళూ నడుమూ ఛాతీ రెండు ఊచల సందులోంచి బయటికి జారిపోయి ఉన్నాయి. తల మాత్రం లోపలే చిక్కుకుంది. కాళ్ళు నేలకు అందడం లేదు. ప్రభావతి మోకాళ్ళ మీద కూర్చుని వాడి బరువును రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. వాడు ఏడవడం లేదు. ఏడవకపోవడమే నాకు భయం పుట్టించింది.

పక్క ఊచ పట్టుకుని లాగాను. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాను. నా చేతి బిగింపు నలభై ఏళ్ళైనా కదలదని గుడివాడంతా చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. నిజమే, కదల్లేదు. చివరికి ప్రభావతే నన్ను తప్పుకోమని, వాడి తల కొంచెం పక్కకు తిప్పి, ఒళ్ళు ఏటవాలుగా ఎత్తి, వచ్చిన దారినే లోపలికి నెట్టింది. అప్పుడు ఏడ్చాడు. ఒక ఏడుపు విని నేను అంత సంతోషపడింది ఇంతకుముందు ఎప్పుడూ లేదు.

డాక్టరుగారు చూసి భయం లేదన్నారు. చెవుల కింద రెండు ఎర్రటి గీతలు ఉన్నాయి, రేపటికి పోతాయట.

పరుపు పల్చనిది. రేవతి పక్కగుడ్డ సరిగా దోపలేదు. పిల్లవాడు దొర్లుతున్నాడని తెలిసీ ఒక్కణ్ణీ వదిలి వెళ్ళింది. ఆ మాటే దానితో అన్నాను.

జూన్ 13, మంగళవారం

ఊచల మధ్య కొలిచాను. మూడుంబావు అంగుళం.

జూన్ 14, బుధవారం

ఇది రాసిపెట్టుకోవడం మంచిది. ఇలాంటి మంచాలు నేను నాలుగు చేశాను. మొదటిది రెండేళ్ళ కిందట బందరు సత్యవతమ్మగారికి, ఆవిడ మనవడి కోసం. ఆవిడే ఎక్కడో చూసి వచ్చి, కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. రెండోది నిరుడు మొవ్వలో రమణమ్మగారింటికి, కోడలు సుగుణ కాన్పుకి. మూడోది దీపావళి వెళ్ళాక అవనిగడ్డలో ఎరువుల కొట్టు శ్రీనివాసరావుగారికి. నాలుగోది మా ఇంట్లో ఉన్నది. అన్నిటికీ ఒకటే కొలత. మూడడుగుల పొడవు, పక్కకి ఏడు ఊచలు.

ఏడెందుకంటే, ఎనిమిది కూడదు కనక. మా గురువు రత్తయ్యగారు మెట్లకైనా వాసాలకైనా ఊచలకైనా ఒకటే లెక్క నేర్పారు. ఇంద్రుడు, యముడు, రాజు. మళ్ళీ ఇంద్రుడు, యముడు, రాజు. చివరిది యముడి మీద ఆగకూడదు. ఎనిమిది వేస్తే యముడి మీద ఆగుతుంది. పసిపిల్లల మంచం మీదికి యముణ్ణి ఏ వడ్రంగి పిలుస్తాడు? ఏడైతే ఇంద్రుడు. శాస్త్రం ప్రకారమే చేశాను. ఇందులో నా తప్పు లేదు.

జూన్ 15, గురువారం

ఇంట్లో ఉన్న మంచానికి ప్రతి సందులోనూ ఒక సన్నటి బద్ద వేసి, పైనా కిందా మరలు బిగించాను. ఇప్పుడు నా చెయ్యి కూడా దూరదు. అయ్యాక లెక్క పెట్టాను. ఏడు ఊచలు, ఎనిమిది బద్దలు, మొత్తం పదిహేను. రాజు. ఇంత జరిగినా నా నోరు ఆ లెక్కే పెట్టింది.

మధ్యాహ్నం ప్రభావతి అన్నం వడ్డిస్తూ మిగతా మూడు ఇళ్ళవాళ్ళకీ చెప్పారా అని అడిగింది. ఫోన్లు చేశానని చెప్పాను.

చెయ్యలేదు. రేపు చేస్తాను.

జూన్ 16, శుక్రవారం

పెళ్ళిళ్ళ రోజులు. మూడు బీరువాలు, ఒక పందిరి మంచం ఇవ్వాలి. ఊపిరి ఆడడం లేదు. అయినా అందరి పిల్లలూ మావాడిలా దొర్లరు. బందరు పిల్లవాడికి రెండేళ్ళు నిండి ఉంటాయి, వాడిప్పుడు ఊచల మంచంలో ఎందుకు పడుకుంటాడు? మొవ్వ పిల్లవాడికీ ఏడాది దాటింది. అవనిగడ్డ పిల్ల పుట్టింది ఎప్పుడని? దీపావళికి. అంటే కార్తీకం, మార్గశిరం...

ఎనిమిదో నెల. మావాడి వయసే.

జూన్ 18, ఆదివారం

రేవతి పిల్లవాణ్ణి నేల మీద చాప వేసి పడుకోబెడుతోంది. బద్దలు వేశాను, ఏం భయం లేదు, ఊపి చూసుకో అన్నాను. అలాగే నాన్నా అంది. చాప మాత్రం తియ్యలేదు.

జూన్ 19, సోమవారం

బందరు వెళ్ళాను. ముందు అవనిగడ్డ వెళ్ళాల్సింది. బందరు దగ్గర కదా అని అటు వెళ్ళాను.

నేను అనుకున్నట్టే అయింది. మంచం మేడ మీద ఉంది. అందులో బొంతలు, దిండ్లు పడేశారు. వాళ్ళ పిల్లవాడు గుమ్మడికాయలా ఉన్నాడు, వాడు ఏ వయసులోనైనా ఆ సందులో పట్టి ఉండడు. అయితే సత్యవతమ్మగారి చిన్నమ్మాయి శ్రావణంలో పురుటికి వస్తోందట, మంచం కిందికి దింపించబోతున్నారట. ఇటుగా వచ్చాను, మంచానికి మళ్ళీ పాలిష్ పడితే బాగుంటుందని చూడడానికి వచ్చానని చెప్పాను. సంచిలో బద్దలూ మరలూ పెట్టుకుని పాలిష్ కోసం వచ్చానన్నాను.

ఆవిడ నాకు భోజనం పెట్టించారు. ఆ మంచం తమ పిల్లవాడికి కలిసొచ్చిందనీ, ఏడాదిపాటు జలుబైనా చెయ్యలేదనీ ఇరుగుపొరుగు వాళ్ళని పిలిచి చెప్పారు. జలుబుకీ మంచానికీ సంబంధం ఏమిటో నాకు తెలియదు. నేను తల వంచుకుని బద్దలు బిగించాను. అవి చూసి, ముందు ఇవి లేవే అన్నారు. కొత్త మోడల్ అండీ అన్నాను. ఎంత బాగుందో అని ఆడపడుచు వాళ్ళింటికి అచ్చం అలాంటిదే ఇంకొకటి చెయ్యమన్నారు. సరేనన్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయినట్టు కళ్ళు మూసుకున్నాను. నిద్ర పట్టలేదు.

జూన్ 20, మంగళవారం

శాస్త్రం గురించి నేను రాసినదాన్ని మళ్ళీ చదివాను. యముడి మీద ఆగకూడదన్న మాట నిజమే. కానీ తొమ్మిది వేసినా యముడు రాడు. తొమ్మిదికి రాజు వస్తాడు. ఆ సంగతి నాకు తెలియక కాదు. తొమ్మిది వేస్తే సందు రెండుంబావుకి దిగేది, ఏ పిల్లవాడూ జారేవాడు కాదు.

సత్యవతమ్మగారికి మంచం చేసేటప్పుడు మంచి టేకు చెక్క ఒక ముక్క మిగిలి ఉంది. కోసి చూస్తే పద్నాలుగు ఊచలు వచ్చాయి, రెండు పక్కలకీ ఏడేసి. పద్దెనిమిది కావాలంటే ఇంకో చెక్క కొయ్యాలి, రెండు రోజులు ఆగాలి. ఏడు చాలులే, తేలిగ్గా అందంగా ఉంటుంది అనుకున్నాను. అదే కొలత తర్వాత మూడింటికీ పెట్టాను. ఉన్న చెక్క చూసుకుని శాస్త్రం చెప్పాను.

ఇది ప్రభావతికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. రాయడం కూడా ఇదే మొదలు.

జూన్ 22, గురువారం

మొవ్వ వెళ్ళాను. పామర్రులో బస్సు మారి, కూచిపూడి దాటేసరికి పది అయింది.

రమణమ్మగారు నన్ను చూడగానే, ఆ దరిద్రపు మంచం సంగతి చూడడానికి వచ్చారా అన్నారు. ఎలా తెలిసిందో అనుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఏమీ చెయ్యలేదండీ అని నోటిదాకా వచ్చింది.

ఆవిడ నన్ను అనలేదు. కోడల్ని అంటున్నారు. సంక్రాంతి ముందు, పిల్లవాడికి తొమ్మిదో నెలలో, సుగుణ మధ్యాహ్నం పక్కనే చాప మీద పడుకుని నిద్రపోయిందట. పిల్లవాడు ఊచల్లోంచి జారి తల ఇరుక్కుని నీలంగా అయిపోతే, పాలు పోయడానికి వచ్చిన ఆమె చూసి తీసిందట. బతికాడు. బాగానే ఉన్నాడు, అరుగు మీద డబ్బా మూత కొట్టుకుంటూ ఆడుకుంటున్నాడు. అప్పటినుంచి పిల్లవాణ్ణి సుగుణ దగ్గర పడుకోనివ్వడం లేదు. నాయనమ్మ పక్కలోనే నిద్ర, నాయనమ్మ చేతనే స్నానం. సుగుణ కాన్వెంటులో పాఠాలు చెప్పేది, ఆ పని మాన్పించారు. మంచానికి దిష్టి తగిలిందని పెరటి పాకలో పడేశారు.

"కన్నతల్లికి పక్కన పిల్లాడు పోతున్నా మెలకువ రాకపోతే ఇంకెవరికొస్తదండీ?" అన్నారు రమణమ్మగారు. సుగుణ అక్కడే నిలబడి వింటోంది. రోజూ వినే మాటలా వింటోంది.

నేను పాకలోకి వెళ్ళి మంచం చూశాను. కోళ్ళు దాని మీద కూర్చుంటున్నాయి. అక్కడ ఏ ప్రమాదమూ లేదు, పిల్లవాడు దాని దగ్గరికి పోడు. అయినా బద్దలు వేద్దామని సంచి తీశాను. సుగుణ మంచినీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చి, వెనక్కు ఒకసారి చూసి, చిన్నగా అడిగింది.

"ఆచారిగారూ, ఊచల మధ్య అంత సందు ఉండొచ్చాండీ?"

"శాస్త్రం ప్రకారమే పెట్టానమ్మా," అన్నాను.

ఆమె తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది. బద్దలు వెయ్యలేదు. వేస్తే ఎందుకు వేస్తున్నారని అడుగుతారు. సంచి అలాగే తెచ్చేశాను.

జూన్ 23, శుక్రవారం

నేను సుగుణకి చెప్పింది అబద్ధం కాదు. శాస్త్రంలో ఏడు పనికొస్తుంది.

జూన్ 24, శనివారం

పొద్దున్నే బయల్దేరి అవనిగడ్డ వెళ్ళాను. శ్రీనివాసరావుగారు కొట్టులో ఉన్నారు. యూరియా బస్తాల కోసం రైతులు వరసకట్టి ఉన్నారు, నాతో మాట్లాడే తీరిక లేదు. గంట ఆగాను. ఆయన చెప్పింది ఇది. వాళ్ళ పాప ఆ మంచంలో పడుకోబెడితే ఒకటే ఏడుపట, ఒళ్ళో తప్ప నిద్రపోదట. అందుకని తమ ఇంట్లో కాన్పు చేసిన నర్సమ్మ ఎలీసబెతుకి రెండు నెలల కిందటే ఇచ్చేశారు. పేదవాళ్ళ ఇళ్ళల్లో ఎవరికైనా ఇస్తానని ఆమె తీసుకెళ్ళిందట. ఎవరికి ఇచ్చిందో ఆయనకి తెలియదు.

"ఎందుకండీ, ఏదన్నా తేడానా?" అని అడిగారు.

ఏం లేదండీ, పాలిష్ అన్నాను.

ఎలీసబెతు ఉండేది కోడూరులో. కోడూరు వెళ్తే ఇంటికి తాళం ఉంది. ట్రైనింగ్‌కి బందరు వెళ్ళిందనీ, సోమవారం వస్తుందనీ పక్కింటివాళ్ళు చెప్పారు. నేను మొన్న సోమవారం బందరులోనే ఉన్నాను, భోజనం చేస్తూ.

పన్నెండు రోజులైంది. మొదటి రోజే అవనిగడ్డకి ఫోను చేసి ఉంటే ఆమె ఊళ్ళోనే దొరికేది.

జూన్ 25, ఆదివారం

గిరీష్ బోర్లాపడి మోచేతుల మీద లేచి నా వంక చూసి నవ్వాడు. లేచి షెడ్డులోకి వెళ్ళిపోయాను.

జూన్ 26, సోమవారం

ఇది వివరంగా రాయాలి.

ఎలీసబెతు మధ్యాహ్నానికి వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, మాట సూటిగా ఉంటుంది. మంచం పాలకాయతిప్పలో పోతయ్య అనే జాలరి ఇంట్లో ఇచ్చానని చెప్పింది. ఆయన కోడలికి నెలలు నిండకుండా కాన్పయిందట. వాళ్ళది మట్టి నేల ఇల్లు, వానొస్తే కింద చెమ్మ, చీమలు. పిల్లవాణ్ణి నేల మీద పడుకోబెట్టొద్దని తానే ఆటోలో వేయించి పంపిందట.

ఎన్నో నెల అని అడిగాను. ఐదు దాటిందంది. బరువు ఎంత అంటే, పుట్టినప్పుడు ఒకటిన్నర కిలోలు అంది. ఇప్పుడిప్పుడే దొర్లుతున్నాడట. అంటే ఒళ్ళు ఇంకా సన్నం. తల మాత్రం అందరి తలలాంటిదే. నేను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను.

"పాలిష్ కోసం పాలకాయతిప్ప దాకా వస్తారా ఆచారిగారూ?" అంది. ఆమె నా మొహం చూసి, బ్యాగు భుజాన వేసుకుని, పదండి అని ఆటో పిలిచింది.

హంసలదీవి దాటాక రోడ్డు పాడైపోయింది. డ్రైవరు గుంతల దగ్గర ఆపి ఆపి నడుపుతున్నాడు. నాకు ఆ కుర్రవాణ్ణి కొట్టాలనిపించింది. ఎలీసబెతు ఏదో చెబుతోంది, ఏమీ వినబడలేదు. నా తలలో ప్రభావతి మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. అక్కడ ఆ పిల్లవాడి తల్లి చేపల గంపతో ఊరు మీద తిరుగుతూ ఉంటుంది. ఎవరు చింతపండు కోసం గదిలోకి వస్తారు?

ఇంటి ముందు తాటాకు పందిరి కింద మంచం కనబడింది. నేను చేసిన మంచం నేను దూరం నుంచే గుర్తుపడతాను. ఖాళీగా ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఎలీసబెతు పిలిచింది, ఎవరూ పలకలేదు. ఇంకోసారి పిలిచింది. అప్పుడు ఇంటి వెనక నుంచి ఒక ముసలాయన పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వచ్చాడు. పిల్లవాడు ఆయన చెవి పట్టుకుని లాగుతున్నాడు.

ఆయనే పోతయ్య. కూర్చోమన్నాడు. నేను కూర్చోకుండా మంచం దగ్గరికి వెళ్ళాను. రెండు పక్కలా ఊచలకి లోపలినుంచి సన్న కన్నుల వల కట్టి ఉంది. ఎక్కడా వదులు లేదు. పైన కర్రకీ కింద కర్రకీ జానెడుకొక ముడి. వేలు పెట్టి నొక్కితే మద్దెల చర్మంలా బిగుతుగా ఉంది. దోమలకా అని అడిగాను.

ఆయన నవ్వాడు. మంచం ఆటోలోంచి దింపిన రోజే కట్టాడట, పిల్లవాణ్ణి అందులో వెయ్యకముందే.

"వల కంటికి కొలత ఉంటదండీ. చేప తల దూరుద్ది, ఒళ్ళు పట్టదు. ఎనక్కి తీసుకుందామంటే మొప్పలు పట్టేస్తయి. బిడ్డకేమో ఒళ్ళు దూరుద్ది, తల పట్టదు. ఏదైనా ఒకటేనండీ. ఏ కంటికి ఏది పడుద్దో తెలవకపోతే మాకు కూడెట్టా? ఇది చూడంగానే అనుకున్నా, చేసినోడికి ఇంటో పిల్లల్లేరని."

చదువు లేని మనిషి ఒక్కసారి చూసి చెప్పాడు. నేను నలభై ఏళ్ళుగా కొలబద్ద పట్టుకుని తిరుగుతున్నాను.

"నేనే చేశానండీ," అన్నాను. "నాకు కూతురుంది. మనవడున్నాడు. పోయిన సోమవారం కాక ఆ ముందు సోమవారం వాడు ఇందులోనే ఇరుక్కున్నాడు."

ఎలీసబెతు నా వైపు తిరిగింది. పోతయ్య తిట్టలేదు. తిడితే బాగుండేది. పిల్లవాణ్ణి ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుని, ఇట్టాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయనీ, బందరులో బాగుచేసి వచ్చాననీ, మొవ్వలో పాకలో పడి ఉందనీ, ఇక భయం లేదనీ చెప్పాను.

"బాగు చేసిన సంగతి కాదండీ. ఆళ్ళకి చెప్పారా?"

లేదన్నాను. నేను నా తృప్తి కోసం బద్దలు వేస్తానంటే వెయ్యనిచ్చాడు. వల మాత్రం విప్పనివ్వలేదు.

జూన్ 27, మంగళవారం

ప్రభావతికి అంతా చెప్పాను. ఫోన్లు చెయ్యలేదన్నదీ, పద్నాలుగు ఊచల సంగతీ, మొవ్వలో సుగుణ అడిగినదీ. ఫోన్లు చెయ్యలేదని తనకి ఆరోజే తెలుసట, వేరే ఊళ్ళకి చెయ్యడానికి మన ఫోనుకి ఎస్‌టీడీ లేదు కదా అంది. చెక్క సంగతి విన్నాక, పిల్లను ఎందుకు తిట్టారండీ ఆరోజు, పక్కగుడ్డ దోపలేదని, అంది.

రేవతి దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనమ్మా అన్నాను. అది ఏడ్చింది. ఈ పదిహేను రోజులూ తానే పిల్లవాణ్ణి చంపబోయాననుకుంటోందట. నేను ఒక్క రోజు అన్న మాట.

మొవ్వలో ఆరు నెలలుగా అంటున్నారు.

జూన్ 29, గురువారం

ఎస్‌టీడీ బూత్‌కి వెళ్ళి అవనిగడ్డ కొట్టుకి ఫోను చేసి చెప్పాను. శ్రీనివాసరావుగారు, మా పాప ఏడ్చి బతికిపోయిందండీ అని ఫోను పెట్టేశారు.

సత్యవతమ్మగారికి చేశాను. ఆవిడ మొదట నమ్మలేదు. తర్వాత, మా ఇంట్లో కూర్చుని మా అన్నం తిని కొత్త మోడల్ అన్నారే అని మాత్రం అన్నారు. ఆడపడుచు వాళ్ళకి మంచం వద్దన్నారు. బందరులో ఇక నా పేరు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మొవ్వకి ఫోను చేద్దామని పుస్తకంలో నంబరు తీశాను. చెయ్యలేదు. ఫోనులో చెబితే రమణమ్మగారు ఒక్కరే వింటారు.

జూలై 1, శనివారం, అమావాస్య

అమావాస్య నాడు మేం పనిముట్లు ముట్టం. షెడ్డు తలుపు తియ్యం. ఈరోజు ఎక్కడికీ కదలొద్దని ప్రభావతి అంటుందనుకున్నాను. తనే సంచిలో మజ్జిగ సీసా పెట్టి ఇచ్చింది.

మొవ్వ వెళ్ళేసరికి తొమ్మిదిన్నర. రమణమ్మగారు అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు వలిచి వెడల్పు అంచున్న ఇత్తడి చెంబులో వేస్తున్నారు. పక్కన దుప్పటి మీద పిల్లవాడు నిద్రపోతున్నాడు. సుగుణ వాకిట్లో అంట్లు తోముతోంది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. ఊచల మధ్య సందు తప్పు, ఆ తప్పు నాది, తొమ్మిది వెయ్యాల్సిన చోట ఏడు వేశాను, మా మనవడూ అలాగే ఇరుక్కున్నాడు, అప్పుడు మా ఇంట్లో ఎవరూ నిద్రపోవడం లేదు, మీ కోడలి తప్పు ఇందులో ఏమీ లేదు. దారి పొడుగునా వల్లించుకున్నది వల్లించినట్టే చెప్పాను.

రమణమ్మగారు చిక్కుళ్ళు వలవడం ఆపలేదు. మీరు మంచివారు కాబట్టి దాని తప్పు మీ మీద వేసుకుంటున్నారు, మొన్న మంచినీళ్ళిస్తూ మీ దగ్గర ఏడ్చి ఉంటుంది అన్నారు. నాకు ఇలాంటిది తట్టనే లేదు. తిడతారని వచ్చాను. నా మాట నమ్మరని అనుకోలేదు.

పాకలోకి వెళ్ళి మంచం ఈడ్చుకొచ్చి వాకిట్లో పెట్టాను. కొలబద్ద తీశాను. అమావాస్య నాడు కొలబద్ద పట్టడం నా ఎరుకలో ఇదే మొదటిసారి. సందు కొలిచి ఆవిడకి చూపించాను. వలిచిన చిక్కుళ్ళున్న ఆ ఇత్తడి చెంబు ఇలా ఇవ్వండని తీసుకుని, చిక్కుళ్ళు చాటలో పోసి, చెంబును ఊచల మధ్య పెట్టాను. చెంబు ఒళ్ళు సులువుగా దూరింది. వెడల్పు అంచు దగ్గర పట్టుకుంది. వదిలేశాను. చెంబు అలాగే గాలిలో వేలాడింది.

రమణమ్మగారు దాన్నే చూస్తూ ఉండిపోయారు. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ విరిగిపోయింది.

సుగుణ మసి చేతులతోనే లేచి వచ్చింది. చెంబు వంక చూడలేదు, నా వంక చూసింది.

"మొన్న నేను అడిగినప్పుడు మీకు తెలుసు కదండీ?"

"తెలుసమ్మా."

ఎందుకు చెప్పలేదని అడుగుతుందనుకున్నాను. దానికి కూడా జవాబు తయారు చేసుకుని వచ్చాను. అడగలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మావయ్యగారికి చెముడండీ. ఆ గోడ దగ్గర ఉన్నారు. ఆయనక్కూడా వినపడాలి. గట్టిగా చెప్పండి."

ఆయన వాకిలి చివర గోడ దగ్గర కొబ్బరిమట్టలు చీలుస్తున్నారు. వెళ్ళి చెప్పాను. ఆయన చెయ్యి చెవికి పెట్టి, ఆఁ అన్నారు. గొంతు పెంచి చెప్పాను. ఏంటీ, ఎవరి తప్పూ అన్నారు. నేను సుగుణ వైపు చూశాను. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది, తన మీద దయ చూపించమని అడిగే మనిషిలా లేదు. ఇంకోసారి చెప్పండి అంది.

గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచాను. తప్పు నాదండీ, మంచం తప్పుగా చేశాను, మీ కోడలు ఏ తప్పూ చెయ్యలేదు అని అరిచాను. గోడ అవతల బట్టలు ఉతుకుతున్న చప్పుడు ఆగిపోయింది. వీధిలో సైకిలు మీద పోతున్న మనిషి కాలు కింద పెట్టి ఆగాడు. పాలు పోసే ఆమె కాబోలు, వీధి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ముసలాయన చేతిలోని కత్తి కింద పెట్టి, కోడలి వంక చూశారు. ఆయనకి వినపడింది.

నా అరుపుకి అరుగు మీద పిల్లవాడు ఉలిక్కిపడి లేచి ఏడవడం మొదలుపెట్టాడు. రమణమ్మగారు పక్కనే ఉన్నారు, చేతులు చాచారు. సుగుణ గుమ్మంలోంచి నాలుగు అడుగులు వేసి వచ్చి వాణ్ణి ఎత్తుకుంది. రమణమ్మగారు చేతులు వెనక్కి తీసుకున్నారు.